బంకమట్టిలో గ్రౌటింగ్: లేచిన నేల ఎందుకు దిగుతుంది?

ప్రశ్న: సివిల్ ఇంజనీరింగ్‌లో పీజీ చేస్తున్నాను. మెత్తని బంకమట్టిలో ఒత్తిడితో గ్రౌట్ (సిమెంటు కలిపిన పల్చని ముద్ద వంటిది) ఎక్కిస్తే నేల ఎంత లేస్తుందో ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో (నేలను చిన్న చిన్న ముక్కలుగా విడదీసి కంప్యూటర్‌తో) లెక్క వేశాను. ఎక్కించిన గ్రౌట్ ఎంతో, పైన నేల ఉబ్బు కూడా అంతే వచ్చింది. వాస్తవంలో ఆ ఎత్తు నిలవదంటున్నారు. పొరపాటు ఎక్కడుంది?
– ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: మీ లెక్క తప్పు కాదు, సగంలో ఆగిపోయింది. గ్రౌట్ వేగంగా ఎక్కేటప్పుడు మట్టిలోని నీరు బయటికి పోవడానికి వ్యవధి ఉండదు కాబట్టి, లోపలికి వెళ్లినదంతా పైకి లేచినట్టే కనిపిస్తుంది. అసలు మార్పు పంపు ఆపాక మొదలవుతుంది.

మట్టి అన్‌డ్రెయిన్డ్ షియర్ బలం (నీరు బయటికి పోకముందు కోతను తట్టుకునే బలం) 20 కిలోపాస్కల్, షియర్ మాడ్యులస్ (కోతకు మట్టి చూపే బిగువు) దానికి 100 రెట్లు అనుకోండి. గ్రౌట్ మట్టిని నెట్టి చేసుకునే ఖాళీని స్తూపంలా ఊహించే స్తూపాకార కుహర విస్తరణ సిద్ధాంతం ప్రకారం కుహరం గోడ దగ్గర రంధ్రజల పీడనం (మట్టి రేణువుల మధ్య నీటి పీడనం) సుమారు 92 కిలోపాస్కల్ పెరుగుతుంది; ప్లాస్టిక్ మండలం (మట్టి తిరిగి పూర్వరూపానికి రాలేనంతగా లొంగిపోయిన భాగం) కుహర వ్యాసార్ధానికి 10 రెట్ల దూరం వరకు పాకుతుంది. ఆ పీడనం మెల్లగా తగ్గుతున్నకొద్దీ ఆ మండలంలోని మట్టి నీటిని వదిలి కుదించుకుపోతుంది, నేలా దిగుతుంది. పూర్వం పెద్ద భారం మోయని మట్టి అయితే, ప్రయోగశాల పరీక్షల్లో నేల మొదటి మట్టం కంటే కిందికి దిగిన సందర్భాలూ ఉన్నాయి.

మరో విషయం కూడా చూడాలి. గ్రౌట్ గుండ్రని ముద్దలా నిలవకుండా తరచూ మట్టిని చీలుస్తుంది, ఆ చీలిక అతి తక్కువ ఒత్తిడి ఉన్న దిశకు లంబంగా ఏర్పడుతుంది. మెత్తని మట్టిలో అడ్డపు ఒత్తిడే తక్కువ కనుక నిలువు చీలికలు ఏర్పడి, గ్రౌట్ నేలను పైకి ఎత్తడానికి బదులు పక్కకు నెడుతుంది. గట్టిదైన లండన్ బంకమట్టిలో అడ్డపు ఒత్తిడే ఎక్కువ కాబట్టి చీలికలు అడ్డంగా ఏర్పడి, ఫలితం అనుకూలంగా ఉంటుంది. 1990లలో లండన్ భూగర్భ రైలు మార్గమైన జూబ్లీ లైన్ కోసం వెస్ట్‌మిన్‌స్టర్ స్టేషన్‌ను దాదాపు 39 మీటర్ల లోతుకు తవ్వినప్పుడు, బిగ్ బెన్ గోపురం ఒరగకుండా పునాది కింద కొంచెం కొంచెంగా, కొలుస్తూ, పలుమార్లు గ్రౌట్ ఎక్కించారు. అంత గట్టి మట్టిలోనూ గ్రౌటింగ్ ఆపాక గోపురం కొంతకాలం నెమ్మదిగా ఒరుగుతూనే ఉంది. ఆ పనికి సలహాదారు జాన్ బర్లాండ్. 1968లో రోస్కో అనే పరిశోధకుడితో కలిసి మోడిఫైడ్ క్యామ్ క్లే నమూనాను (బంకమట్టి ఒత్తిడికి ఎలా స్పందిస్తుందో చెప్పే గణిత నమూనా) అందించినదీ ఆయనే.

మీకు ఇప్పుడు కావలసింది ఆ నమూనాయే. దాన్ని బయో (Biot) కన్సాలిడేషన్ సమీకరణాలతో (నీరు బయటికి పోతూ మట్టి కుదించుకుపోవడాన్ని లెక్కించేవి) జోడించి, పంపు ఆగాక పీడనం పూర్తిగా తగ్గేవరకు లెక్కను నడపండి. ఫలితాన్ని నేల ఎత్తుతోనే కాక, మట్టిలోని నీటి పీడనాన్ని కొలిచే పీజోమీటర్ రీడింగులతోనూ సరిచూడండి.