టర్మ్ పాలసీ ఫారం మీ చేత్తో మీరే నింపండి

మీకు 24 ఏళ్లు, విజయవాడలో ఉద్యోగం, పెళ్లి కాలేదు. గడువులోపు మనం పోతే ఇంట్లోవాళ్లకి డబ్బు వచ్చే, బతికుంటే రూపాయి తిరిగి రాని టర్మ్ పాలసీ ఇప్పుడే ఎందుకు అని అడిగారు. తీసుకోండి. ఈ నెలలోనే తీసుకోండి. అమ్మానాన్నల్లో ఒక్కరైనా మీ జీతం మీద బతుకుతున్నా, మీ పేరు మీద చదువు లోన్ ఉన్నా ఇంకో ఆలోచనే వద్దు. కాకపోతే ఏ కంపెనీ మంచిది, ఎక్కడ చవక అని వెతకడానికి పెడుతున్న టైములో సగమైనా ఫారం నింపడం మీద పెట్టండి. నేను ఇది రాస్తున్నదే అందుకు.

మా బావ గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో అకౌంటెంట్‌గా చేసేవాడు. 2017 మే నెలలో, తనకి 33 ఏళ్లప్పుడు, 30 లక్షలకు టర్మ్ పాలసీ తీసుకున్నాడు. ఏజెంటు మా చుట్టమే, నాకు వరసకు బాబాయి. ఆదివారం కొరిటెపాడులో అక్కావాళ్లింటికి భోజనానికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. మామిడికాయ పప్పుతో తిని, చేతులు కడుక్కుని, ఫారం తీసి గబగబా చదువుతూ తనే టిక్కులు పెట్టేస్తున్నాడు. "సిగరెట్ లేదు, మందు లేదు, ఆపరేషన్లు లేవు, బీపీ షుగరు లేవు..." అక్క వంటింట్లోంచే అంది, "బీపీ బిళ్ల వేసుకుంటున్నారుగా బాబాయ్." ఆయన తలెత్తకుండానే, "అది రాస్తే టెస్టులంటారమ్మా, ప్రీమియం పెంచుతారు, నెల రోజులు తిప్పుతారు. రోజుకో బిళ్లకి అదేమన్నా రోగమా?" అన్నాడు. బావ సంతకం పెట్టేశాడు. పది రోజుల్లో బాండ్, అంటే పాలసీ పత్రం, వచ్చింది. మెడికల్ టెస్టు కూడా లేకుండా ఇచ్చారని మేమంతా సంతోషపడ్డాం.

2019 మార్చి. మిర్చి సీజన్ మంచి జోరు మీద ఉంది. కోల్డ్ స్టోరేజీ ముందు టిక్కీల (మిర్చి బస్తాల) లారీలు వరసకట్టి ఉన్నాయి. బావ రాత్రి పదకొండింటికి ఇంటికొచ్చి గుండెల్లో బరువుగా ఉందన్నాడు. కొత్తపేటలో ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయింది. పెద్దపిల్ల అప్పటికి యూకేజీ. చిన్నవాడికి నడక కూడా సరిగా రాలేదు.

క్లెయిమ్ పెట్టిన నెలకి కంపెనీ తరఫున ఒకతను ఎంక్వైరీకి వచ్చాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. మంచినీళ్లు తాగాడు. ఫ్రిజ్ మీద బావ మందులు పెట్టుకునే చిన్న స్టీలు డబ్బా ఇంకా అలాగే ఉంది. అక్కకు దాన్ని తీయబుద్ధి కాలేదు. అతను అడిగితే తనే మూత తీసి చూపించింది. లోపల నాలుగు బిళ్లలు మిగిలిన స్ట్రిప్పు. "ఎప్పటి నుంచి వాడుతున్నారమ్మా?" అన్నాడు. "2016 దసరా నుంచి" అంది అక్క. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అతను స్ట్రిప్పును రెండు వైపులా ఫొటో తీసుకుని, డాక్టరు పేరు రాసుకుని వెళ్లాడు. రెండు నెలలకు ఉత్తరం వచ్చింది. పాలసీకి ముందే ఉన్న జబ్బు దాచారు కాబట్టి క్లెయిమ్ ఇవ్వం అని. కట్టిన ప్రీమియంలకు మాత్రం చెక్కు జతచేశారు.

బీపీ రాసి ఉంటే ప్రీమియం ఎంత పెరిగేదని తర్వాత ఒక చోట లెక్క వేయించాను. ఏడాదికి రెండు వేల లోపు.

టెస్టులు లేకుండా పాలసీ ఇస్తున్నారంటే మనకేదో మేలు చేస్తున్నట్టు అనుకోకండి. ముందు అడగని ప్రశ్నలు మనం పోయాక ఇంటికొచ్చి అడుగుతారు, అదీ ఏడుస్తున్న మనిషిని. బీమా చట్టంలో సెక్షన్ 45 అని ఉంది. పాలసీ మూడేళ్లు దాటితే దాచారన్న సాకుతోనూ, ఇంకే కారణంతోనూ దాన్ని ప్రశ్నించడానికి వీల్లేదు. బావ పాలసీకి అప్పటికి ఏడాది పది నెలలే. ఇంకోటి, క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, అక్కడ న్యాయం జరగకపోతే ఏడాదిలోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, అంటే బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి, దగ్గరికి వెళ్లొచ్చు. ఆంధ్రాకి ఆఫీసు హైదరాబాదులో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఈ సంగతి మాకు చెప్పినవాళ్లు లేరు. తెలిసేసరికి గడువు దాటిపోయింది.

ఇక డబ్బు తిరిగి రాదన్న మీ బాధ. కోల్డ్ స్టోరేజీలో సరుక్కి ఫైర్ ఇన్సూరెన్స్ కాగితాలు రాసేది మా బావే. నిప్పు అంటుకోకుండా టిక్కీలన్నీ క్షేమంగా బయటికి పోయిన ఏడు, మా ప్రీమియం మాకిచ్చేయండి అని ఏ వ్యాపారీ రాలేదని చెప్పేవాడు. ఎండుమిరపకాయల విషయంలో అంత తేలిగ్గా అర్థమైంది మనుషుల దగ్గరికొచ్చేసరికి ఎందుకు అర్థం కాదో! మీ నాన్నగారి స్నేహితుడు మనీబ్యాక్, అంటే మధ్యమధ్యలో కొంత డబ్బు తిరిగిచ్చే పాలసీ, తీసుకోమంటున్నారని రాశారు. ఏడాదికి నలభై వేలు కట్టించుకుని ఐదారు లక్షల కవరేజీ ఇచ్చే పాలసీలు మా చుట్టాలిళ్లలో బీరువాల నిండా ఉన్నాయి. మొహమాటానికి పోయి తీసుకున్నవే అన్నీ. ఆ మొహమాటం మీద నాకు చాలా కోపం. పెళ్లిలో కట్నం చదివించినట్టు పాలసీ తీసుకోవడం ఏమిటి?

నేను 2020లో, 26 ఏళ్లకి, కోటి రూపాయలకు తీసుకున్నాను, 60 ఏళ్లు వచ్చేదాకా. అప్పట్లో 18 శాతం జీఎస్టీ కలిపి కూడా ఏడాదికి పది వేల లోపే. చేరిన వయసుకి ఉన్న రేటే చివరిదాకా ఉంటుంది, అందుకే మిమ్మల్ని తొందరపెడుతున్నాను. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమాకి జీఎస్టీ కూడా లేదు. ఇంజనీరింగ్‌లో నాకు పచ్చకామెర్లు వచ్చి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. అదీ రాశాను, నాన్నకు షుగరుందని రాశాను. పొద్దున్నే ఆరున్నరకి పరగడుపున రక్తం తీసుకోవడానికి బ్రాడీపేటలో మా ఇంటికి ఒకబ్బాయి వచ్చాడు. అమ్మ తలుపు దగ్గరే నిలబడి, పొద్దున్నే ఈ అశుభం ఏమిట్రా అంది. మీ ఇంట్లోనూ అంటారు. అననివ్వండి.

బాండ్ వచ్చాక పక్కన పడేయకండి. మీరిచ్చిన జవాబుల పేజీలు దాంతోపాటే ఉంటాయి, ఒక్కొక్కటీ చదవండి. సిగరెట్ వారానికొకటి తాగినా "తాగుతాను" అనే ఉండాలి. తప్పుంటే వెంటనే రాసి సరిచేయించండి. అసలు నచ్చకపోతే 30 రోజుల్లోపు వెనక్కి ఇచ్చేయొచ్చు. నామినీగా ఇప్పుడు అమ్మ పేరు పెట్టండి, పెళ్లయ్యాక మార్చుకోవచ్చు. బాండ్ ఎక్కడుందో అమ్మకి చూపించండి.

మా అక్క ఇప్పుడు ఒక స్కూల్లో ఆఫీసు పని చూస్తోంది. పోయినేడు తనూ టర్మ్ తీసుకుంది. ఫోనులో ఫారం నింపుతుంటే సాయం చేద్దామని చెయ్యి చాపాను, ఇవ్వలేదు. థైరాయిడ్ బిళ్ల ఎన్ని మైక్రోగ్రాములో, ఏ నెల నుంచి వేసుకుంటోందో, డాక్టరు పేరేమిటో అన్నీ తనే ఒక్కో అక్షరం కొట్టుకుని, మందుల చీటీ ఫొటో తీసి జతచేసింది.