మొక్కలు నాటుతామన్నవాళ్లను నీళ్లెవరు పోస్తారని అడుగు

మనవరాలికి ఆశీస్సులు.

మున్సిపల్ కౌన్సిల్ ఎన్నికల్లో నిలబడ్డవాళ్లంతా పర్యావరణం గురించే మాట్లాడుతున్నారని, ఎవరిని నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉందని రాశావు. కౌన్సిల్ ఇంజినీరింగ్ విభాగంలోనే ఉద్యోగం చేసి రిటైరయ్యాను కాబట్టి, లోపల పని ఎలా జరుగుతుందో చూసినవాడిగా చెబుతున్నాను తల్లీ.

హామీ వినగానే అది కౌన్సిల్ చేతిలో ఉన్న పనేనా అని చూడు. వాహనాల ప్రమాణాలు, విద్యుత్ కేంద్రాలు పై ప్రభుత్వాలు చూసుకునేవి. చెత్త, కాలువలు, చెట్లు, పార్కులు, వీధి దీపాలు, చాలాచోట్ల ఇళ్ల అనుమతులు కౌన్సిల్‌వి. భూతాపాన్ని ఆపేస్తానని మైకులో అరిచేవాడికన్నా చెత్త గురించి వివరంగా మాట్లాడేవాడే ఆ పని ఎక్కువ చేయగలడు. తడి చెత్తను గాలి తగలకుండా గుట్టలుగా పోస్తే మీథేన్ అనే వాయువు పుడుతుంది. వందేళ్ల కాలానికి లెక్కేస్తే అది అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు, ఇరవై ఏళ్లకు లెక్కేస్తే 80 రెట్లు పైగా వేడి పెంచుతుంది.

అయితే 'తడి, పొడి వేరు చేయిస్తాం' అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకు. బండిలో అరలు వేరుగా ఉంటాయా, తడి చెత్త ఎక్కడికి వెళ్తుంది, తయారైన కంపోస్ట్ ఎవరు తీసుకుంటారు, పారిశుద్ధ్య కార్మికులకు గ్లవ్స్, బూట్లు ఎవరిస్తారు అని అడుగు. ఇంట్లో వేరు చేసిచ్చిన చెత్త కళ్లముందే ఒకే బండిలో కలిసిపోతే జనం మర్నాటి నుంచి వేరు చేయడం మానేస్తారు. తప్పు వాళ్లది కాదు. నన్నడిగితే అభ్యర్థికి అసలు పరీక్ష ఇదే.

మొక్కల లెక్క అందరూ చెబుతారు. ఎన్ని నాటారన్నది వదిలేసి, మొదటి రెండు మూడు వేసవుల్లో నీళ్లెవరు పోస్తారు, ఎన్ని బతికాయో ఎవరు లెక్కిస్తారు అని అడుగు. అంతకన్నా ముఖ్యం, ఇప్పటికే ఉన్న పెద్ద చెట్ల సంగతి. రోడ్డు వెడల్పు కోసం ఒక పెద్ద చెట్టు కొట్టేస్తే, అంత నీడ కొత్తగా నాటిన మొక్కల నుంచి రావడానికి దశాబ్దాలు పడుతుంది.

వరద విషయంలో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌ను గుర్తుపెట్టుకో. 2011 జులై 2న కొద్ది గంటల్లోనే కుండపోత కురిసి నగరం మునిగింది. మరుసటి ఏడాదే వాళ్లొక ప్రణాళిక వేసుకున్నారు. పైపులు పెద్దవి చేసుకుంటూ పోవడంతో ఆగకుండా, పార్కులూ వీధులూ వాననీటిని కాసేపు పట్టి ఉంచేలా, దారి మళ్లించేలా మార్చడం మొదలుపెట్టారు. మీ అభ్యర్థి ఒక నోటితో వరద నివారణ అంటూ, మరో నోటితో ఖాళీ నేలంతా సిమెంట్ చేయిస్తానంటే ఆ రెండూ పొసగవు.

గాలి గురించి కొంచెం జాగ్రత్తగా విను. పీఎం 2.5 అనే సన్నటి ధూళి ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. అంతకుముందు ఆ హద్దు 10. ఈ ధూళిలో కొంత బయటి నుంచి కొట్టుకొచ్చేదే. కాబట్టి గాలినంతా నేనే శుభ్రం చేస్తాననేవాడి మాట నమ్మదగింది కాదు. చెత్త తగలబెట్టడం ఆపిస్తాను, కట్టడాల దుమ్ముకు తెరలు కట్టిస్తాను అన్నవాడు తన పరిధిలో ఉన్నదే చెబుతున్నాడు.

ఇప్పటికే కౌన్సిల్‌లో ఉన్నవాళ్లయితే సమావేశాల మినిట్స్, అంటే అక్కడ ఏం జరిగిందో రాసిపెట్టిన రికార్డు, చూడు. పార్కు స్థలాన్ని వేరే పనికి మార్చే తీర్మానం వచ్చినప్పుడు చెయ్యెత్తారా, వద్దన్నారా, అసలు ఆ రోజు వచ్చారా? తర్వాత బడ్జెట్. కొత్త ప్లాంటుకు, కొత్త పార్కుకు డబ్బు తేలిగ్గా దొరుకుతుంది, ప్రారంభోత్సవం ఉంటుంది కదా. నిర్వహణకు ఏటా కావాల్సిన డబ్బు దగ్గరే పనులు మూలపడతాయి. నిర్వహణ పద్దు గురించి నోరు విప్పిన అభ్యర్థికి, ఏ పార్టీ అయినా, నేను ఎక్కువ మార్కులేస్తాను.

అభ్యర్థుల సభలో ఒక్క ప్రశ్నే అడుగు, చిన్నదిగా అడుగు, జవాబు అక్కడే రాసుకో. 'నాకు తెలియదు, కనుక్కుని చెబుతాను' అన్నవాళ్లను తక్కువగా చూడకు. నిజంగా కనుక్కుని చెప్పారా లేదా అన్నది మాత్రం చూడు.

కిందటేడాది బడ్జెట్ కాపీ ముందే సంపాదించి పెట్టుకో. పారిశుద్ధ్యం పద్దు ఎక్కడుందో తెలియకపోతే ఫోన్ చెయ్యి, ఇద్దరం కలిసి చూద్దాం.

మీ తాతయ్య