రంగు పూసిన చెంచాలు ఏం చెబుతున్నాయి?

ప్రశ్న: మా అమ్మాయి పదకొండో తరగతి, సైన్స్ చదువుతోంది. ఆరు వారాలుగా ఒక సైన్స్ ఫిక్షన్ యుద్ధవిమానం మోడల్ కిట్ పట్టుకుని కూర్చుంది. ముక్కలు అతికించడం నాలుగు రోజుల్లో అయిపోయింది. మిగతా కాలమంతా రంగులు, డెకాల్సే (నీళ్లలో నానబెట్టి మోడల్ మీద అంటించే గుర్తులు). ఒకసారి రంగంతా వేసి, డెకాల్స్ కూడా అంటించి, బాగా రాలేదని మొత్తం తుడిచేసి మళ్లీ మొదలుపెట్టింది. డబ్బా నిండా రంగు పూసిన ప్లాస్టిక్ చెంచాలు, వాటి కాడల మీద ఏవో అంకెలు. పారేద్దామంటే ఒప్పుకోదు. ఇప్పుడు గాలితో రంగు చల్లే ఎయిర్‌బ్రష్ కావాలంటోంది, డిజైన్ చదువుతానంటోంది. లోకంలో లేని విమానానికి రంగులేసే సరదాను చూసుకుని బతుకుదెరువు నిర్ణయించుకోవచ్చా? ఒక తండ్రి

జవాబు: మీరు చిరాకుపడుతూ రాసిన ఆ చెంచాల మాట దగ్గరే నేను ఆగిపోయాను. కాడల మీద అంకెలేమిటో తనని అడిగారా? చాలామటుకు అవి రంగుకూ థిన్నర్‌కూ మధ్య పాళ్లు, ఎన్ని పూతలు వేసిందీ, కింద తెల్ల ప్రైమర్ ఉందా నల్లదా అన్న వివరాలు అయివుంటాయి. చెంచా వీపు విమానం ముక్కులాగే ఉబ్బెత్తుగా ఉంటుంది. రంగు అంచుల్లోకి జారిపోతోందో, నడుమ పలచబడుతోందో దానిమీద ఇట్టే తెలిసిపోతుంది. అందుకే అనుభవమున్న మోడలర్లు కొత్త రంగును ముందు చెంచా మీద వేసి చూస్తారు. మీ అమ్మాయి చేస్తున్నది ప్రయోగం. ఫలితాన్ని రాసి పెట్టుకుంటోంది కూడా. పదహారేళ్లకు ఆ అలవాటు ఎవరూ చెప్పకుండా పట్టుబడటం మామూలు సంగతి కాదు. నేను కెరీర్ సలహా చెప్పేటప్పుడు పిల్లలు ఏం తయారుచేశారన్నది తర్వాత చూస్తాను. పాడైనప్పుడు ఏం చేశారన్నది ముందు చూస్తాను.

ఆ మాటకొస్తే ఆమె ఎందుకు తుడిచేసిందో కూడా ఊహించగలను. ‘డెకాల్స్ అంటించాక బాగా రాలేదు’ అన్నారు కదా. వాటర్‌స్లైడ్ డెకాల్ అంటే పలచని పారదర్శక పొర మీద అచ్చువేసిన గుర్తు. నీళ్లలో ముంచితే వెనక కాగితం మీది జిగురు కరిగి, పొర జారి వస్తుంది. మోడల్ మీద వేసిన మెరుపులేని (మ్యాట్) రంగు కంటికి నున్నగా కనిపించినా నిజానికి గరుకే. డెకాల్ పొర ఆ గరుకు కొనల మీదే ఆనుకుంటుంది. కింది పల్లాల్లో గాలి చిక్కుకుని, వెలుతురు పడగానే వెండి పొడి చల్లినట్టు తెల్లగా మెరుస్తుంది. దీన్ని మోడలర్లు సిల్వరింగ్ అంటారు. మందు తేలికే: డెకాల్‌కు ముందు నిగనిగలాడే రంగులేని పూత (క్లియర్ కోటు) వేసి ఉపరితలాన్ని నున్నగా చేయాలి, అంటించాక డెకాల్ సాఫ్ట్‌నర్ పూసి పొరను మెత్తబరచి గీతల్లోకి కూర్చోబెట్టాలి, అంతా ఆరాక పైన మ్యాట్ కోటు వేయాలి. ఇప్పటికే మెరుస్తున్నచోట సూదిమొనతో సన్నగా పొడిచి సాఫ్ట్‌నర్ చుక్క వేస్తే కొంతవరకు సర్దుకుంటుంది. మొదటిసారి ఇవేవీ తెలియక వేసి, రెండోసారి తెలుసుకుని వేస్తోందంటే, ఆ ఆరు వారాల్లో సగం ఆమె ఉపరితల శాస్త్రం చదివినట్టే లెక్క.

రంగు తుడవడంలోనూ కెమిస్ట్రీ ఉంది. యాక్రిలిక్ రంగులు చాలావాటిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వదిలిస్తుంది, కింది పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌ను మాత్రం ముట్టుకోదు. అదే ల్యాకర్ థిన్నర్ పోస్తే ప్లాస్టిక్ కూడా కరుగుతుంది. పూతల వరసలోనూ ఇదే సూత్రం: బలమైన ద్రావకం ఉన్నది కింద, మెత్తనిది పైన. ల్యాకర్ పూత బాగా ఆరాక దానిమీద ఎనామెల్ వాష్ (బాగా పలచన చేసిన ఎనామెల్ రంగు) పోసి, విమానపు రేకుల అతుకుల్ని చూపే ప్యానెల్ గీతల్ని నల్లగా తేల్చి, మిగిలింది తుడిచేయొచ్చు. వరస తిరగేస్తే పైది కిందిదాన్ని తినేస్తుంది. ఏ ద్రావకం దేన్ని కరిగిస్తుంది, ఎందుకు కరిగిస్తుంది అన్న ఈ ప్రశ్న చుట్టూనే రంగుల పరిశ్రమలో బోలెడు ఉద్యోగాలున్నాయి.

ఇక ‘లోకంలో లేని విమానం’ అన్న మీ మాట. దాన్ని మీరు కొట్టిపారేయడానికి వాడారు. నాకు మాత్రం అసలు సంగతంతా అక్కడే ఉన్నట్టనిపించింది. నిజమైన విమానానికి రంగులేసేవాళ్లకు ఫొటోలుంటాయి. మసి ఎక్కడ పట్టిందో, రంగు ఎక్కడ వెలిసిందో చూసి వేసుకోవచ్చు. ఊహా విమానానికి ఏ ఫొటో లేదు. పెట్టె మీద బొమ్మ ఉంటుంది కానీ అది కొత్త బండి బొమ్మలా ఉంటుంది, వాడిన బండిలా ఉండదు. కాబట్టి ప్రతీ మరకకూ ఆమే కారణం వెతకాలి. ఈ విమానం అంతరిక్షంలో మాత్రమే తిరుగుతుందా, వాతావరణంలోకి కూడా దిగుతుందా? దిగితే ముందంచులు వేడికి కమిలి ఉండాలి. గాలీ తేమా లేని చోట తుప్పు పట్టదు, మరి ఈ గోధుమరంగు మరక ఎందుకు? పైలట్ ఏవైపు నుంచి ఎక్కుతాడు? అటువైపు రెక్క మీద అడుగుల వల్ల రంగు అరిగి లోహం బయటపడాలి. ఇంజన్ మూతి దగ్గర లోహం గడ్డి రంగులోంచి నీలంలోకి మారాలి, ఎందుకంటే వేడెక్కిన ఉక్కూ టైటానియమూ అలాగే రంగు మారతాయి. ఇలా లేని వస్తువుకు ఉన్న ప్రపంచపు నియమాలు వర్తింపజేసి నమ్మించడమే డిజైనర్ పని. ఇంకా తయారుకాని కారూ, ఫోనూ కూడా లోకంలో లేని వస్తువులే కదా.

స్కేలు లెక్క ఒకటి తనతో కలిసి వేసి చూడండి. కిట్ 1/72, అంటే అసలు విమానంలో 72వ వంతు అనుకుందాం. మోడల్ మీద రంగు 0.1 మిల్లీమీటరు మందం ఉంటే, అసలు సైజులో అది 7 మిల్లీమీటర్లు దాటుతుంది. ఏ విమానానికీ అంత మందాన రంగు ఉండదు. అసలు విమానం మీద 25 మిల్లీమీటర్ల ఎత్తున్న ‘ఇక్కడ అడుగు పెట్టరాదు’ అన్న అక్షరాలు మోడల్ మీద మిల్లీమీటరులో మూడో వంతుకు దిగిపోతాయి. పలచగా వేయాలని ఆమె పంతం పట్టడం, ఎయిర్‌బ్రష్ అడగడం ఇందుకే.

ఆ చిన్న అక్షరాల సంగతి కాస్త ఆగి చెబుతాను, ఎందుకంటే చాలామంది పెద్దవాళ్లు వాటిని అలంకారమనుకుంటారు. నిజమైన విమానం మీద ఇలాంటి చిన్న గుర్తులు అలంకారం కాదు. ఇంజన్ ముందు ప్రమాద త్రికోణం, పైలట్ మీది పారదర్శక మూతను (కానపీని) బయటినుంచి తెరవడానికి బాణం, ఏ రంధ్రాన్ని మూయకూడదో చెప్పే హెచ్చరిక, అన్నీ ప్రాణాలతో ముడిపడ్డవే. 1996లో పెరూలో ఒక బోయింగ్ 757ను శుభ్రం చేసేటప్పుడు గాలి పీడనం కొలవడానికి ఉండే స్టాటిక్ పోర్టులనే రంధ్రాల మీద టేప్ అంటించారు. పని అయ్యాక తీయడం మరిచిపోయారు. రాత్రివేళ లీమా నుంచి ఎగిరిన ఆ విమానంలో ఎత్తూ వేగమూ తప్పుగా కనిపించాయి. అది సముద్రంలో కూలి 70 మంది చనిపోయారు. రంగు బరువు కూడా లెక్కే: విమానం తోకలో, రెక్కల వెనకంచున కదిలే భాగాలకు మళ్లీ రంగు వేస్తే వాటి సమతూకం సరిచూడాలి, లేకపోతే గాలిలో ప్రమాదకరంగా అదరొచ్చు. మీ అమ్మాయి మాస్కింగ్ టేప్ ముక్కల్ని లెక్కపెట్టి తీస్తుంటే, గుర్తు సరైనచోటే ఉందా అని సూచనల కాగితంతో రెండుసార్లు పోల్చుకుంటుంటే, విమానాల మెయింటెనెన్స్ ఇంజనీరింగ్ వైపు కూడా చూడమని చెప్పండి. ఆ వృత్తిలో చేతి నైపుణ్యం ఎంత అవసరమో, ఈ నిదానమూ అంతే అవసరం.

అసలు సలహా ఇక్కడుంది. ‘మోడల్ మేకింగ్’ అన్నది ఒకే ఇష్టంలా కనిపిస్తుంది గానీ దాని లోపల నాలుగైదు వేర్వేరు మనస్తత్వాలు దాక్కుని ఉంటాయి. ఒక ఆదివారం తన పక్కన మాట్లాడకుండా కూర్చుని, ఏ పని దగ్గర ఆమె చెయ్యి నెమ్మదిస్తుందో గమనించండి. విసుగుతో వచ్చే నెమ్మది వేరు, ఇష్టంతో వచ్చే నెమ్మది వేరు. తండ్రి కంటికి ఆ తేడా తెలుస్తుంది.

చెంచాల దగ్గర, పాళ్ల దగ్గర నిలబడిపోతుంటే ఆమెది కెమిస్ట్రీ మనసు. పాలిమర్లు, పూతల సాంకేతికత, మెటీరియల్స్ ఇంజనీరింగ్ చదవొచ్చు. ఓడలకూ, వంతెనలకూ, బ్యాటరీలకూ, శరీరంలో అమర్చే పరికరాలకూ అన్నిటికీ పూత కావాలి. రంగుల జోడింపు దగ్గర, మ్యాట్‌కూ మెరుపుకూ తేడా దగ్గర ఆగుతుంటే ప్రొడక్ట్ డిజైన్‌లో సీఎంఎఫ్ అని ఒక విభాగం ఉంది. రంగు, పదార్థం, ఉపరితలపు ముగింపు, ఈ మూడే వాళ్ల పని. కారు డాష్‌బోర్డు చేతికి ఎలా తగలాలో, ఎండలో కళ్లలోకి మెరవకుండా ఎలా ఉండాలో నిర్ణయించేది వాళ్లే. మరకలకు కథ అల్లడం దగ్గర ఆగుతుంటే యానిమేషన్, గేముల్లో టెక్స్‌చర్ ఆర్టిస్టు పని సరిపోతుంది. అక్కడ ప్రతీ వస్తువుకూ రంగు ఒక పొర, గరుకుదనం వేరే పొర, లోహపుదనం మరో పొర. చేత్తో క్లియర్ కోటు వేసినవాళ్లకు ఆ గరుకుదనం పొర ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు.

సినిమాలకు చేత్తో మోడళ్లు చేసే ఉద్యోగం మీద మాత్రం ఆశ పెట్టనివ్వకండి. ‘స్టార్ వార్స్’ సినిమా కోసం 1975లో ఏర్పడిన ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ అనే స్పెషల్ ఎఫెక్ట్స్ సంస్థ కళాకారులు యుద్ధ ట్యాంకులు, ఓడల కిట్లలోంచి ముక్కలు తీసి అంతరిక్ష నౌకలకు అతికించేవారు. అది గొప్ప కాలం. 1990ల తర్వాత ఆ పనిలో ఎక్కువ భాగం కంప్యూటర్లోకి వెళ్లిపోయింది. చేత్తో చేసే ఉద్యోగాలు ఉన్నాయి, చాలా తక్కువ.

పాతదాన్ని కాపాడటం మీద మక్కువ ఉంటే మ్యూజియం కన్జర్వేషన్ ఉంది. ‘స్టార్ ట్రెక్’ టీవీ సీరియల్ కోసం 1964లో చేసిన ఎంటర్‌ప్రైజ్ అంతరిక్ష నౌక మోడల్ 1974లో అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియానికి చేరింది. ఏళ్ల తరబడి పైపై రంగులు పడ్డ దాన్ని ఎక్స్‌రేలు తీసి, తొలినాటి రంగులేవో వెతికి, పైభాగంలో మిగిలిన అసలు రంగును చెక్కుచెదరనివ్వకుండా పునరుద్ధరించి 2016లో మళ్లీ ప్రదర్శనకు పెట్టారు. ఊహా నౌకకు వేసిన రంగు కూడా చరిత్రేనని ఒక జాతీయ మ్యూజియం ఒప్పుకున్నట్టే కదా. కృత్రిమ కళ్లకు కంటిపాప చుట్టూ ఉండే వలయపు రంగులు చేత్తో దిద్దేవాళ్లూ, దంతాల రంగు పొరలు కలిపే డెంటల్ టెక్నీషియన్లూ కూడా ఈ కోవలోకే వస్తారు. ఈ పేర్లు తనకు చెప్పి చూడండి, ఏదో ఒకటి వినగానే తలెత్తి చూస్తుంది.

ఇప్పుడు చదువు మార్చొద్దు. ఫిజిక్స్, కెమిస్ట్రీ వదలకుండా ఉంటే పైన చెప్పిన దారుల్లో చాలావరకు తెరిచే ఉంటాయి. డిజైన్ వైపు వెళ్లాలనుకుంటే ఈ రెండేళ్లూ రోజూ చూసి గీసే సాధన కావాలి. కిట్ చేయడం గీతకు బదులు కాదు, ఆ సంగతి తనకు మొహమాటం లేకుండా చెప్పండి. ఇతరులు రూపొందించిన ఆకారానికే రంగులేస్తోంది కాబట్టి, తదుపరి పనిలో కనీసం ఒక భాగం సొంతంగా రూపొందించాలి. అది ఇంకో రకం రెక్కో, తనే కల్పించుకున్న దళానికి గుర్తో కావచ్చు. ఆ గుర్తును తనే గీసి, ఖాళీ డెకాల్ కాగితం మీద ముద్రించి అంటించమనండి. అప్పుడు డిజైన్ మొదలైనట్టు.

పోర్ట్‌ఫోలియో (తను చేసిన పనుల సంపుటి) అడిగే కోర్సులకు పూర్తయిన మోడల్ ఫొటోలు ఒకటి రెండు చాలు. సిల్వరింగ్ వచ్చిన మొదటి రెక్క ఫొటో ఉంటే అది పెట్టమనండి. పక్కన కారణం నాలుగు వరుసల్లో, దాని పక్కన చెంచాలు, చివర సరైన రెక్క. ఆ ఒక్క పేజీ చూసి ఏ ఆచార్యుడైనా ఆమెతో మాట్లాడాలనుకుంటారు.

పరీక్షలకూ దీనికీ పోటీ పెట్టకండి. ‘మార్కులు వస్తేనే రంగులు’ అంటే ఆమెకు రెండూ బరువవుతాయి. ఈ పనిలో ఎలాగూ ఎదురుచూడటమే ఎక్కువ. ఒక పూత ఆరేలోపు ఒక పాఠం పూర్తవుతుంది.

ఎయిర్‌బ్రష్ కొనండి. 0.3 మిల్లీమీటర్ల నాజిల్ ఉన్నది ఈ సైజు మోడల్‌కు సరిపోతుంది. కానీ దానికంటే ముందు రెండు కొనాలి. ఒకటి, గాలిని బయటికి పంపే స్ప్రే బూత్. రెండోది, రంగుల్లోని ద్రావకాల ఆవిరిని (ఆర్గానిక్ ఆవిరుల్ని) పట్టేసే కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ మాస్కు. మామూలు దుమ్ము మాస్కు రంగు తుంపర్లను కొంత ఆపినా ల్యాకర్ ఆవిరిని ఆపదు. పడకగదిలో, తలుపు మూసుకుని స్ప్రే చేయనివ్వకండి. దగ్గర్లో మంట ఉండకూడదు. వానరోజుల్లో తేమ ఎక్కువగా ఉంటే మ్యాట్ కోటు పాలిపోయినట్టు తెల్లబడుతుంది, ఆ రోజు స్ప్రే మానుకుని గీసుకోమనండి. ఈసారి డెకాల్స్‌కు ముందు వేసే క్లియర్ కోటు పూర్తిగా ఆరడానికి కనీసం ఒక రోజు వదలమని కూడా చెప్పండి. రెండోసారి మొదలుపెట్టినవాళ్లు అక్కడే తొందరపడతారు.