హెచ్ ప్రొడక్షన్ తరగతి ఎత్తేస్తే మిడ్జెట్ సంగతేమిటి?: సమాధానం

అమెరికాలో కార్ల పందేలు నడిపే సంస్థ ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) వారి హెచ్ ప్రొడక్షన్ అనే చిన్న కార్ల పందెపు తరగతిలో పోటీదారులు పలచబడుతున్నారని, దాన్ని ఎత్తేస్తారేమోనని, మీ ఎంజీ మిడ్జెట్ అనే పాత బ్రిటిష్ చిన్న స్పోర్ట్స్ కారును అమ్మేసి, అందరూ దాదాపు ఒకేలాంటి మాజ్దా మియాటా కార్లతో పోటీపడే స్పెక్ మియాటా తరగతికి మారాలా అని అడిగారు. తొందరపడి అమ్మవద్దని నా గట్టి సలహా. ఎందుకంటే గతంలో ఇలాంటిదే అయిన జీ ప్రొడక్షన్ తరగతిని తీసేసినప్పుడు కూడా ఆ కార్లను గాలికి వదిలేయకుండా మిగిలిన ప్రొడక్షన్ తరగతుల్లో సర్దారు. అసలు దిగులు నిబంధనలది కాదు, విడిభాగాలది: 1979లోనే తయారీ ఆగిపోయిన కారుకు పగుళ్లు లేని క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్ల కదలికతో తిరిగే ఇంజిన్ ఇరుసు), గేర్‌బాక్స్ పళ్లు దొరకడమే గగనం కాబట్టి, ఇంజిన్ విప్పిన ప్రతిసారీ క్రాంక్‌షాఫ్ట్‌కు, కంటికి కనపడని పగుళ్లను అయస్కాంతంతో బయటపెట్టే మ్యాగ్నెటిక్ పరీక్ష చేయించి, విడిగా ఒక గేర్‌బాక్స్ సమకూర్చుకోండి. స్పెక్ మియాటాలో పోటీ దట్టంగా ఉంటుంది, నిజమే. అయితే ఇంజిన్‌ను మన చేతులతో మలచుకునే స్వేచ్ఛ అక్కడ దాదాపు ఉండదు. తరగతి నిలబడేది హాజరు లెక్కల మీదే కనుక, ఈ సీజన్‌లో ప్రాంతీయ పోటీలకు తప్పక పేరు నమోదు చేయండి.