మూత మీద పని, మూత కింద పనిముట్లు

(ఇంట్లో, పొలంలో వచ్చే చిన్నాచితకా మరమ్మతుల మీద పాఠకుల ప్రశ్నలకు, ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చెప్పి రిటైరైన మాస్టారి జవాబులు. ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ఒకే వస్తువు చుట్టూ తిరిగాయి: పైన బల్లపరుపు మూత ఉండే పనిముట్ల పెట్టె.)

ప్రశ్న: మాస్టారూ, మావారు పోయిన దసరాకి ఒక పనిముట్ల పెట్టె కొన్నారు. మూత చదునుగా ఉంటుంది, మధ్యలో పొడుగ్గా ఒక గాడి, అంచున స్కేలు గీతలు. 'బల్ల అక్కర్లేదు, మూత మీదే పని చేసుకోవచ్చు' అని మురిసిపోయారు. ఆర్నెల్లయింది, పెట్టె మంచం కిందే ఉంది. మా అత్తగారు మాత్రం దాని మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. రెండు గదుల అద్దె ఇంట్లో దీంతో నిజంగా పనుందా? (ఒక ఉపాధ్యాయిని, నరసరావుపేట)

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. ఇన్నాళ్లూ ఆ పెట్టెని వాడింది ఆవిడొక్కరే. అయితే ఒక్కటి చూడండి. ఎంత బరువు మోస్తుందో కొన్ని పెట్టెల అడుగునో, మూత లోపలివైపో కిలోల్లో అచ్చువేసి ఉంటుంది. అలాంటిదేమీ కనబడకపోతే ఆవిడకి పీట వేయండి. మూత కింద అంతా బోలు, విరిగితే పడేది పెద్దావిడ.

ఇక ఆ గాడి. అందం కోసం పెట్టారనుకుంటారు చాలామంది. ఫిట్టర్ పని నేర్చినవాళ్లకి మాత్రం దాన్ని చూడగానే వీ-బ్లాక్ గుర్తొస్తుంది. గుండ్రటి కడ్డీని బల్ల మీద పెడితే ఒక్కచోటే ఆనుతుంది, అందుకే దొర్లిపోతుంది. 'వి' ఆకారం గాడిలో పెడితే రెండు పక్కలా ఆనుకుని కుదురుగా పడుకుంటుంది. మా వర్క్‌షాపులో ఇనప వీ-బ్లాకుల గాడి సరిగ్గా 90 డిగ్రీలుండేది. మీ మూత మీదిది అంత కచ్చితంగా ఉండకపోవచ్చు, పైపు కోసుకోవడానికి అంత అక్కర్లేదు కూడా.

వంటగది కుళాయికి ముప్పావంగుళం పీవీసీ పైపు ముక్క కావాలనుకోండి. మామూలుగా ఏం చేస్తాం? పైపుని బాత్రూం గడపకి ఆనించి, ఒక కాలితో తొక్కిపెట్టి, హాక్సా అందుకుంటాం. పైపు దొర్లుతుంది, బ్లేడు ఎగురుతుంది, బొటనవేలు తెగుతుంది. నా ఎడమ బొటనవేలి మీద ఆ మచ్చ ఇంకా ఉంది. ఏటా కొత్తగా చేరిన పిల్లలకి మొదటిరోజు అదే చూపించేవాణ్ణి.

మూత మీదైతే ఇలా చేయండి. కొలత గుర్తు పెట్టాక ఒక కాగితాన్ని పైపు చుట్టూ చుట్టండి. కాగితం అంచు తన అంచు మీదికే వచ్చి కలిసిందంటే ఆ గీత వంకర లేకుండా ఉన్నట్టే. పెన్సిలుతో గీసుకోండి. పైపుని గాడిలో పడుకోబెట్టి, కోసే గీత మూత అంచు దాటి రెండంగుళాలు బయటికి ఉండేలా జరపండి, లేకపోతే పైపుతోపాటు మూత కూడా తెగుతుంది. హాక్సా బ్లేడు పళ్లు ముందుకు చూస్తుండాలి. తోసేటప్పుడు కోస్తుంది, వెనక్కి లాగేటప్పుడు ఊరికే రావాలి. మొదటి నాలుగు పోట్లూ తేలిగ్గా వేయండి, చిన్న గాటు పడ్డాక బ్లేడు దారి అదే పట్టుకుంటుంది. తెగాక లోపలి అంచున వెంట్రుకల్లా లేచిన పొట్టుని చాకుతో గీకేయండి. వదిలేస్తే అది నీళ్లతో కొట్టుకెళ్లి కుళాయి మూతిలోని జల్లెడలో ఇరుక్కుంటుంది. అప్పుడు మళ్లీ నాకే ఉత్తరం రాయాలి.

కర్టెన్ రాడ్, గొడుగు కర్ర, చీపురు కర్ర, గుండ్రంగా ఉన్నదేదైనా ఇదే పద్ధతి. చదునైనవాటికి, అంటే ఊగిపోతున్న పీట కాలు, ఊడిన ఫొటో ఫ్రేము, కుక్కర్ పిడి స్క్రూ లాంటివాటికి, గాడితో పని లేదు, మూత చాలు. అద్దె ఇల్లంటున్నారు కాబట్టి ఇంకో సంగతి. ఇంటివాళ్ల గచ్చు మీద గీతలు పడవు, డైనింగు టేబులు మీద గాట్లు పడవు. గొడవ సగం అక్కడే తగ్గుతుంది.

ఎత్తు సంగతి కూడా చెప్పాలి. 'పది పన్నెండంగుళాల ఎత్తు బల్ల ఏం బల్ల?' అని మావాడొకడు ఎగతాళి చేశాడు. నిలబడి పనిచేసేవాడికి అది నిజమే. కానీ మన పాతకాలం వడ్రంగులు కిందే కూర్చుని, చెక్కని కాలివేళ్లతో అదిమిపెట్టి చిత్రిక పట్టేవాళ్లు. షావుకారు పరుపు మీద కూర్చుని గల్లాపెట్టె మూత మీదే చిట్టా రాసుకునేవాడు. రైల్వే స్టేషన్లో బూటు పాలిష్ కుర్రాడి పెట్టె చూడండి, లోపల బ్రష్షులు, డబ్బాలు, పైన మన పాదం పెట్టుకునే దిమ్మ. వాడికి ఎవరూ కేటలాగు చూపించలేదు. కింద కూర్చోగలిగిన మనిషికి ఆ ఎత్తు అచ్చంగా సరిపోతుంది. మోకాళ్లు సహకరించకపోతే పెట్టెని అరుగు మీద పెట్టి, మీరు మెట్టు మీద కూర్చోండి.

ఈ పెట్టెకి ఒక పెద్ద తిరకాసు ఉంది, అది నాకు మా అమ్మాయి ఇంట్లో తెలిసొచ్చింది. పుస్తకాల అర విరిగితే రెండు చెక్కలకీ ఫెవికాల్ దట్టంగా రాసి, మూత మీద ఒకదానికొకటి ఆనించి, రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. బిగించే క్లాంపులు ఎక్కడున్నాయి? పెట్టె లోపల. మూత తెరవాలంటే చెక్కలు దింపాలి, దింపితే అతుకు జారుతుంది. మనవణ్ణి కేకేశాను. వాడు చెక్కల్ని గాల్లో ఎత్తి పట్టుకుంటే నేను మూత తెరిచాను. జిగురు వాడి చొక్కా మీదికీ, ఆ తరవాత సోఫా మీదికీ చేరింది. అప్పట్నుంచి మూత వేయకముందే కావలసినవన్నీ బయటికి తీసి, పక్కన పాత తువ్వాలు మీద వరసగా పెట్టుకుంటున్నాను. మూత వేశాక లాచ్‌లు రెండూ నొక్కడం కూడా మర్చిపోకండి. నొక్కకుండా పిడి పట్టుకుని లేపితే సామానంతా మెట్ల మీదుగా కింది అంతస్తుకి వెళ్తుంది. అదీ చేశాను.

సుత్తి పని మాత్రం ఆ మూత మీద వద్దు. మేకు సరిచేయడానికి రెండు దెబ్బలు వేయాలంటే కింద మందపాటి చెక్క పెట్టి, మధ్యలో కాకుండా పెట్టె గోడకి సరిగ్గా పైనున్న అంచు మీద కొట్టండి. డ్రిల్లింగ్‌కి కూడా కింద పనికిరాని చెక్క ఉండాల్సిందే. కొబ్బరికాయ కొట్టే ఆలోచన ఎవరికైనా వస్తే ఆపండి.

ప్రశ్న: సార్, నేను డిగ్రీ చదువుతున్నా. రూములో పాత ఇయర్‌ఫోన్లు, చార్జర్లు విప్పి బాగుచేస్తుంటా. చదువుకునే టేబుల్ చాలా చిన్నది. ఈ పెట్టె మూత మీద సోల్డరింగ్ చేయొచ్చా? (ఒక విద్యార్థి, హన్మకొండ)

జవాబు: నేరుగా వద్దు బాబూ. ఇలాంటి పెట్టెలు చాలావరకు పాలీప్రొపిలీన్‌వి. అది 160 డిగ్రీల అటూఇటూగా కరుగుతుంది. సోల్డరింగ్ ఐరన్ మొన 300 దాటి ఉంటుంది. ఒక్కసారి జారితే మూతకి కన్నం. ఇల్లు కట్టే చోట మిగిలిపోయిన తెల్లటి టైలు ముక్క ఒకటి అడిగి తెచ్చుకో, మూత మీద పరుచుకో. తెలుపైతే కిందపడ్డ చిన్న స్క్రూ కూడా కనబడుతుంది.

స్క్రూల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. మీ అమ్మగారి దగ్గర పాతబడిన ఇడ్లీ రేకు ఒకటుంటుంది, అడిగి పట్టుకెళ్లు. మొదట విప్పిన స్క్రూ మొదటి గుంటలో, తరవాతది రెండో గుంటలో. బిగించేటప్పుడు వెనకనుంచి రా. ఏది ఎక్కడిదో వెతుక్కునే బాధ ఉండదు. చార్జరు విప్పేముందు ప్లగ్గు తీసి కాసేపు ఆగు. లోపలి కెపాసిటర్‌లో కరెంటు నిలవ ఉంటుంది, అది గట్టిగానే కొడుతుంది. కిటికీ తెరిచిపెట్టుకో, ఆ పొగ పీల్చకూడదు.

ప్రశ్న: మాది కోనసీమ. పెట్టెలో పెట్టిన పటకారు, ఆకురాళ్లు, స్పానర్లు రెండు నెలలకే తుప్పు పడుతున్నాయి. మూత గట్టిగానే మూస్తున్నాం కదా? (ఒక పాఠకుడు, అమలాపురం)

జవాబు: గట్టిగా మూయడమే ఇబ్బంది. ఉప్పుగాలి, చేతి చెమట, తడి, మూడూ లోపలే ఉండిపోతాయి. పని అయ్యాక పనిముట్టుని పొడిగుడ్డతో తుడిచి, కుట్టుమిషను నూనె పూసిన గుడ్డతో ఒక్కసారి రాయండి. ఆకురాళ్లకి మాత్రం నూనె వద్దు, పళ్ల మధ్య పొడి పేరుకుని జారుతాయి, బ్రష్షుతో దులిపి పొడిగా ఉంచండి. కొబ్బరినూనె దేనికీ వద్దు. కోనసీమవాళ్లకి ఈ మాట చెప్పడం సాహసమే, కానీ అది కొన్నాళ్లకి జిగురుగా మారి దుమ్ము పడుతుంది. పదిహేను రోజులకోసారి మూత తెరిచి గంటసేపు ఎండలో పెట్టండి. మూలన నాలుగు కర్పూరం బిళ్లలు గుడ్డలో మూటకట్టి పడేయండి, పాత మెషినిస్టుల అలవాటు ఇది. ఆ ఆవిరి ఇనుము మీద పల్చగా పరుచుకుని తుప్పుని కొంత ఆపుతుంది. కర్పూరం హరించుకుపోతుంది కాబట్టి మళ్లీ వేయాలి. పై ఉత్తరం రాసిన కుర్రాడు మాత్రం ఈ చిట్కా పాటించకూడదు. కర్పూరం పెట్టె మీద సోల్డరింగ్ అంటే హారతే.

ప్రశ్న: నాకు నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. డ్రిప్పు పైపులు ఉడుతలు కొరుకుతున్నయి, స్ప్రేయర్ ఊకూకె మొరాయిస్తది. తోటలకు పట్టుకపోనీకి ఈ పెట్టె ఇనుపది మంచిదా, ప్లాస్టిక్‌దా? (ఒక రైతు, నల్గొండ జిల్లా)

జవాబు: అన్నా, బండి మీద తీసుకెళ్తావు కాబట్టి ప్లాస్టిక్‌దే తేలిక. కాకపోతే తోటలోనే వదిలేసి రాకు. మీ వైపు ఎండకి రెండు మూడు వేసవుల్లో పెళుసైపోయి మూత కీలు దగ్గర చిట్లుతుంది. ఇనుపదైతే ఎండకి ఏమీ కాదు గానీ, మే నెల మధ్యాహ్నం దాని మీద చెయ్యి పెట్టి చూడు, పెనం గుర్తొస్తుంది.

డ్రిప్పు లేటరల్ 16 ఎంఎందైతే కొరికిన ముక్క కోసేసి జాయినర్ పెట్టడమే, దానికి మూత కూడా అక్కర్లేదు. పైపు చివర బిర్రుగా ఉండి జాయినర్ ఎక్కకపోతే ఫ్లాస్కులో వేడినీళ్లు తీసుకెళ్లి నిమిషం ముంచు, మెత్తబడుతుంది. మూత అవసరం తెలిసేది స్ప్రేయర్ నాజిల్ విప్పినప్పుడు. చిన్న వాషరు, చిన్న జల్లెడ, ఒక్కోదాంట్లో స్ప్రింగు, ఏది జారినా మట్టిలో మళ్లీ దొరకదు. చుట్టూ అంచు లేచి ఉన్న మూతైతే ఆగుతాయి. కొనేటప్పుడు వేలు పెట్టి ఆ అంచు చూసుకో. నాజిల్‌ని నోటితో ఊదొద్దు, పాత టూత్‌బ్రష్షుతో తోము. స్టార్టర్ పెట్టె జోలికి మాత్రం నీ పనిముట్లతో పోకు. మూడు ఫేజుల మధ్య ఉండేది 415 వోల్టులు. దానికి ఎలక్ట్రీషియన్‌నే పిలువు.

ప్రశ్న: మా పదకొండేళ్ల అమ్మాయి వాళ్ల నాన్న పెట్టె తెరిచినప్పుడల్లా పక్కన చేరుతోంది. రంపం ఇమ్మంటోంది. ఇవ్వొచ్చా? (ఒక గృహిణి, రాజమహేంద్రవరం)

జవాబు: ఇవ్వండి, పక్కనే కూర్చుని. పెద్దవాళ్ల బల్ల దాని ఛాతీ దాకా వస్తుంది, ఈ మూత దాని ఎత్తుకి సరిపోతుంది. మొదట మెత్తటి మామిడి చెక్క ముక్క ఇవ్వండి. చెక్కని చేత్తో పట్టుకోనివ్వకుండా క్లాంపుతో మూత అంచుకి బిగించండి, ఖాళీగా ఉన్న చేతిని వెనక్కి కట్టుకోమనండి. చున్నీ, వదులు జుట్టు, గాజులు ముందే తీసేసి కూర్చోమనండి. తెగిన ముక్క ఫొటో తీసి పంపండి, గీత ఎంత నిటారుగా వచ్చిందో చూస్తాను. వాళ్ల నాన్న కోసినది కూడా పక్కనే పెట్టి తీయండి.