పాఠకుల ప్రశ్నలు: ఫ్యాంటసీ లీగ్‌లో ఒక్కరే మహిళ అయినప్పుడు

ప్రశ్న: సహోద్యోగులం పన్నెండు మందిమి కలిసి అమెరికన్ ఫుట్‌బాల్ ఫ్యాంటసీ లీగ్ ఆడుతున్నాం. నిజమైన ఆటగాళ్లతో ఎవరికి వారు ఊహా జట్టు కట్టుకుని, మైదానంలో ఆ ఆటగాళ్ల ప్రదర్శనను బట్టి పాయింట్లు తెచ్చుకునే పోటీ ఇది. అందులో నేనొక్కదాన్నే మహిళను. గెలిచిన వారాల్లో అది అదృష్టమనో, జట్టును మావారు ఎంపిక చేసి ఉంటారనో అంటారు. నేను ఇష్టపడి మరో జట్టుతో చేసుకున్న ట్రేడ్‌ను, అంటే ఆటగాళ్ల మార్పిడిని, నన్ను ఎవరో మోసం చేశారంటూ ఓటు వేసి రద్దు చేశారు. సీజన్ చివర ఆఖరి స్థానంలో నిలిచినవారికి ఆడవేషం వేయిస్తారు. లీగ్ మానేయమంటారా, ఓర్చుకోమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: రెండూ వద్దు. ఆట తెలుసని వారికి పదేపదే నిరూపించవలసిన బాధ్యత కూడా మీ మీద లేదు. పది గజాల పరుగుకు ఒక పాయింటు, పరుగుతోనో క్యాచ్‌తోనో బంతిని ప్రత్యర్థి గీత దాటించి సాధించిన టచ్‌డౌన్‌కు ఆరు పాయింట్లు అనే సాధారణ లెక్క, జట్టు యజమాని స్త్రీయా పురుషుడా అని చూడదు. వివక్ష చోటుచేసుకునేది ఆ లెక్క చుట్టూ మనుషులు నడిపే వ్యవహారంలోనే. అసలు ఈ ఆటలో మీరు అతిథి కానే కారు. డేనియల్ ఓక్రెంట్ ఆలోచనతో 1980లో న్యూయార్క్‌లో మొదలై, నేటి ఫ్యాంటసీ ఆటలకు బాట వేసిన రొటిసరీ బేస్‌బాల్ లీగ్ తొలి యజమానుల్లో వాలెరీ సాలెంబియర్ అనే మహిళ ఉన్నారు.

మీరు రాసినవాటిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టినది ట్రేడ్ రద్దు. ఎగతాళి చేసేవారికి అప్పటికప్పుడు బదులు చెప్పవచ్చు. కానీ మీ మేలు కోరుతున్నామంటూ మీ నిర్ణయాన్ని కొట్టివేసేవారు, జట్టు మీదే అయినా దాని మీద అధికారం తమదని చెబుతున్నారు. అదే ట్రేడ్‌ను ఒక పురుషుడు చేసుకుంటే సాహసమని మెచ్చుకునేవారేమో ఆలోచించమని అడగండి. వచ్చే డ్రాఫ్ట్‌కు (సీజన్‌కు ముందు అందరూ తమ ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమానికి) ముందే, లీగ్‌ను నిర్వహించే కమిషనర్‌తో మాట్లాడి, ఓట్లతో వీటో చేసే పద్ధతిని తొలగించాలని, ఇద్దరు యజమానులు కుమ్మక్కయినట్టు తేలితే తప్ప ఏ ట్రేడ్‌నూ ఆపరాదని లీగ్ నియమావళిలో రాయించండి. సీజన్ మధ్యలో అడిగితే అది మీ సొంత ఫిర్యాదుగా మిగిలిపోతుంది. ముందే అడిగితే అందరికీ వర్తించే నియమమవుతుంది.

ఆడవేషం శిక్షను కూడా అప్పుడే ప్రస్తావించండి. స్త్రీలా కనిపించడమే అవమానమన్న భావన మీద నిలిచిన శిక్ష అది. దానిని సరదా అని సరిపెట్టుకోవలసిన అవసరం లేదు. ఓడినవారు మరుసటి ఏడాది డ్రాఫ్ట్ ఏర్పాట్లన్నీ చూడాలన్న నియమం చాలు. ఇవేవీ కమిషనర్ పట్టించుకోకపోతే, మీతో గౌరవంగా ఆడేవారిని కూడగట్టుకుని మరో లీగ్ మొదలుపెట్టండి. దానిని ఓటమిగా నేను భావించను.

ప్రశ్న: నేను ఒక లీగ్‌కు కమిషనర్‌ని. కొత్తగా ఇద్దరు మహిళలు చేరుతున్నారు. వారి కోసం నిబంధనలను సులభతరం చేయాలా?
– మరో పాఠకుడు

జవాబు: చేయకండి. కొత్తవారు ఎవరైనా సరే, స్కోరింగ్ వివరాలను ముందుగా పంపి, ఒక నమూనా డ్రాఫ్ట్ నిర్వహించండి. భార్యాభర్తలు కలిసి ఒకే జట్టు నడిపితే సమాచారం భర్తకు మాత్రమే పంపే అలవాటు చాలామందిలో ఉంది, ఇద్దరికీ పంపండి. ఆమె పంపిన ట్రేడ్ ప్రతిపాదనను ఆయనతో ధ్రువీకరించుకోవడం మాత్రం ఎన్నడూ చేయకండి.