పిడుగు పాఠానికి స్టీలు పళ్లెం, థర్మోకోల్ ముక్క

ప్రశ్న: నేను ప్రకాశం జిల్లాలోని ఒక ప్రభుత్వ పాఠశాలలో ఏడో తరగతికి సామాన్యశాస్త్రం చెబుతున్నాను. మబ్బులు ఒకదాన్నొకటి గుద్దుకోవడం వల్లనే ఉరుము పుడుతుందని పిల్లలే కాదు, వారి తల్లిదండ్రులూ గట్టిగా నమ్ముతున్నారు. మొన్న ఆగస్టులో దువ్వెనతో కాగితపు ముక్కలను ఆకర్షించి చూపబోతే ఒక్క ముక్కయినా కదలక తరగతి అంతా నవ్వింది. పైగా ఒక అమ్మాయి, "గాలి పొడిగా ఉంటేనే ఇది పనిచేస్తుందంటున్నారు కదా, మరి నీళ్ల మబ్బులో మెరుపెలా పుడుతుంది టీచర్?" అని అడిగింది. ఖర్చూ ప్రమాదమూ లేకుండా ఈ పాఠాన్ని ఎలా చేసి చూపాలి?

జవాబు: ఆ అమ్మాయి ప్రశ్న చాలా పదునైనది కనుక ముందు దానికే సమాధానం చెప్పుకుందాం. వానాకాలంలో దువ్వెన మీద కంటికి కనిపించని పలుచని తేమ పొర పేరుకుని, రాపిడితో పోగైన విద్యుదావేశం ఆ పొర వెంటే జారిపోతుంది; మన పిల్లల తలలకు పట్టించిన కొబ్బరినూనె కూడా ఆ ప్రయోగానికి పెద్ద శత్రువే. మబ్బులో జరిగే పని వేరు. మన ప్రాంతంలో సుమారు 5 కిలోమీటర్ల ఎత్తు దాటితే ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల కంటే దిగువకు పోతుంది. అక్కడ తేలికపాటి మంచు పలుకులూ, వాటికంటే బరువైన మెత్తని వడగళ్లూ కోట్ల సంఖ్యలో ఒరుసుకుంటూ ఉంటాయి. ఆ ఒరిపిడిలో సాధారణంగా ధనావేశం పొందిన పలుకులను పైకి లేచే గాలి మోసుకుపోతుంది, రుణావేశం పొందిన వడగళ్లు కిందికి దిగుతాయి. ఆవేశం కారిపోయే వేగం కంటే పోగయ్యే వేగం ఎక్కువ కావడం వల్లనే మెరుపు పుడుతుంది. కాబట్టి గుద్దుకునేవి రెండు మబ్బులు కావు, ఒకే మబ్బులోని మంచు రేణువులు. అదీ ఉరుము కోసం కాదు, ఆవేశం కోసం. ఊరి నమ్మకాన్ని కొట్టిపారేయకుండా ఇలా సరిదిద్దితే పిల్లలు త్వరగా అందుకుంటారు.

ఇక దువ్వెన ఒక్కదానితో పాఠమంతా నడిపించడం పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం చదివినట్లవుతుంది, ఎందుకంటే అందులో ఆకర్షణ కనిపిస్తుందే గాని నిప్పురవ్వ కనిపించదు. డిసెంబరు, జనవరి నెలల్లో ఒక పొడి రోజు చూసుకుని ఈ ప్రయోగం చేయండి. అడుగు చదునుగా ఉన్న చిన్న స్టీలు పళ్లెం మధ్యలో ఒక ప్లాస్టిక్ గ్లాసును పిడిలాగా అతికించండి. థర్మోకోల్ పలకను ఉన్ని గుడ్డతో ఒక నిమిషం గట్టిగా రుద్ది, పిడి పట్టుకుని పళ్లేన్ని దాని మీద ఉంచి, పళ్లెం అంచును ఒకసారి వేలితో తాకండి. తరువాత పిడితోనే పైకెత్తి, గది చీకటి చేసి, వేలిని మళ్లీ అంచు దగ్గరకు తెస్తే చిన్న నీలి రవ్వ మెరిసి 'టిక్' మంటుంది. ఆ రవ్వే మెరుపు, ఆ 'టిక్' చప్పుడే ఉరుము. మళ్లీ రుద్దకుండానే పళ్లేన్ని దించి, తాకి, ఎత్తి, అనేకసార్లు రవ్వ రప్పించవచ్చు. ఆ శక్తి ఎక్కడిదని తప్పక అడుగుతారు. థర్మోకోల్ ఆకర్షణకు ఎదురుగా పళ్లేన్ని ఎత్తుతున్న చేతిదే ఆ శక్తి. వేలికి చురుక్కుమనడం తప్ప ప్రమాదం లేదు గాని, గోడ ప్లగ్గుకు సంబంధించిన ఏ తీగనూ ఈ బల్ల దరిదాపులకు రానివ్వవద్దు.

చప్పుడు ఎందుకన్నది తరువాతి మెట్టు. మెరుపు దారిలోని గాలి రెప్పపాటు కంటే తక్కువ కాలంలో సుమారు 30,000 డిగ్రీల సెల్సియస్‌కు, అంటే సూర్యుని ఉపరితలం కంటే దాదాపు ఐదు రెట్లకు, వేడెక్కి విస్ఫోటంలా వ్యాకోచిస్తుంది. కాగితపు సంచిని ఊది పగలగొడితే గాలి ఒక్కసారిగా విస్తరించడం వల్ల శబ్దం పుట్టడం తెలుస్తుంది. అక్కడ వేడి లేదన్న తేడాను మాత్రం చెప్పండి.

నిర్మలమైన రోజున చెరువు గట్టు మీద ఒక విద్యార్థిని 170 మీటర్ల దూరంలో నిలబెట్టి, కంచం మీద గరిటెతో కొట్టమనండి. దెబ్బ కనిపించిన అర సెకనుకు గాని మోత వినిపించదు. శబ్దం కిలోమీటరుకు దాదాపు మూడు సెకన్లు తీసుకుంటుందన్న లెక్కను పిల్లలే కట్టగలరు. ఉరుము ఒక్క దెబ్బతో ఆగకుండా గడగడమని సాగడానికీ కారణం ఇందులోనే ఉంది: మెరుపు కిలోమీటర్ల పొడవున ఉంటుంది గనుక దగ్గరి కొసనుంచి వచ్చే శబ్దం ముందు, దూరపు కొసనుంచి వచ్చేది తరువాత చేరుతుంది.

మన ఇళ్లలో ఉరిమినప్పుడు "అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ" అని పది పేర్లూ చదివిస్తారు కదా, దాన్నే గడియారం చేసుకోవచ్చు. పది పేర్లకు ఎన్ని సెకన్లు పడుతుందో ముందే కొలిచి, మెరుపు కనిపించగానే మొదలుపెట్టి, ఉరుము వినిపించగానే ఆపమనండి. భయపడే పిల్లలకు చేతిలో ఒక పని దొరుకుతుంది. అయితే ఇది మూసిన కిటికీ వెనుక, గదిలో చేయవలసిన లెక్క. మెరుపుకూ ఉరుముకూ మధ్య విరామం 30 సెకన్ల లోపుంటే పిడుగు పది కిలోమీటర్ల లోపల ఉన్నట్లే. చివరి ఉరుము తరువాత 30 నిమిషాల దాకా ఆరుబయటకూ చెట్ల కిందికీ పోకూడదు.

మెరుపు విద్యుత్తేనని చూపడానికి అమెరికా శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1752లో ఎగరేసిన గాలిపటం కథ చెబితే, దానితోపాటు 1753లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మబ్బుల విద్యుత్తును కొలవబోయి పిడుగుపాటుకు మరణించిన రిచ్‌మన్ కథను కూడా అదే పీరియడులో చెప్పండి.